లినక్స్‌లో టీవీ కార్డు సౌండ్ రావట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

పాత టీవీ ట్యూనర్ కార్డునో వీడియో క్యాప్చర్ కార్డునో లినక్స్‌లో పెట్టినవాళ్లు దాదాపు అందరూ ఒకే మాట అంటారు: బొమ్మ పది నిమిషాల్లో వచ్చేసింది, సౌండ్ దగ్గరే రెండు రోజులు పోయాయి అని. ఆ రెండు రోజులు మీకు పోకూడదనే ఇది రాస్తున్నా. ఇక్కడ చెప్పే డ్రైవర్లలో ఒక్కటి తప్ప అన్నీ కెర్నెల్‌తో పాటు వచ్చే ఓపెన్ సోర్స్ డ్రైవర్లే, ఎక్కడినుంచో సీడీ తెచ్చి ఎక్కించే పని లేదు. కమాండ్ల పేర్లు పలికినట్టు తెలుగులో రాశాను, టెర్మినల్‌లో మామూలుగానే ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

బొమ్మ బాగానే ఉంది, సౌండ్ అస్సలు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

డిస్ట్రో మార్చడం, కెర్నెల్ కంపైల్ చేయడం లాంటివన్నీ పక్కన పెట్టండి. ముందు మీ కార్డులో సౌండ్ ఏ దారిన బయటికి వస్తుందో తెలుసుకోండి. బొమ్మ ఏ కార్డులోనైనా పీసీఐ మీదుగానో యూఎస్‌బీ మీదుగానో నేరుగా మెమరీలోకి వచ్చేస్తుంది. సౌండ్ అలా కాదు, నాలుగు దారుల్లో ఏదో ఒక దారిన వస్తుంది, మీ కార్డుది ఏ దారో తెలియకుండా ఏం చేసినా అది చీకట్లో రాయి విసరడమే.

మొదటి దారి వైరు. కార్డు సౌండ్‌ని అనలాగ్‌గానే ఉంచి, వెనకున్న సాకెట్ నుంచి బయటికి పంపేస్తుంది, దాన్ని మీరు సౌండ్ కార్డు లైన్ ఇన్‌లోకి కలపాలి. కంప్యూటర్‌కి అది టీవీ సౌండ్ అని కూడా తెలియదు. రెండో దారి పీసీఐ డీఎంఏ. టీవీ కార్డే సౌండ్‌ని డిజిటల్‌గా మార్చి మెమరీలోకి తోస్తుంది, అప్పుడది ఆల్సాలో, అంటే లినక్స్ సౌండ్ వ్యవస్థలో, ఇంకో సౌండ్ కార్డులా కనిపిస్తుంది, కాకపోతే రికార్డింగ్ మాత్రమే చేసే సౌండ్ కార్డు, స్పీకర్ ఉండదు. మూడోది యూఎస్‌బీ, అది కూడా ఇలాగే ఆల్సాలో కనిపిస్తుంది. నాలుగోది ఎంపెగ్ ఎన్‌కోడర్ ఉన్న కార్డులది, వాటిలో సౌండూ బొమ్మా కలిసే ఒకే ఫైల్‌గా వస్తాయి, విడిగా సౌండ్ కోసం వెతకాల్సిన పనే లేదు.

వైరు దారి కార్డు పెట్టుకుని ఆల్సాలో సౌండ్ డివైస్ కోసం రోజుల తరబడి వెతికేవాళ్లున్నారు. డీఎంఏ కార్డు పెట్టుకుని వైరు కొనడానికి బజారుకెళ్లేవాళ్లూ ఉన్నారు. రెండూ అక్కర్లేని తిప్పలు.

నా కార్డుది ఏ దారో ఎలా కనుక్కోవాలి?

డబ్బా మీదున్న పేరు నమ్మకండి. ఒకే పేరుతో, ఒకే డబ్బాలో వేర్వేరు చిప్పులున్న కార్డులు అమ్మిన కంపెనీలు బోలెడు. ఎల్‌ఎస్‌పీసీఐ అని కొడితే చిప్ పేరు కనిపిస్తుంది, లేదంటే కార్డు బయటికి తీసి నడిమధ్య ఉన్న పెద్ద చతురస్రపు చిప్ మీద ఏం రాసుందో చూడండి.

బీటీ848 అని ఉంటే వైరే, వేరే మాట లేదు. ఆ చిప్‌లో సౌండ్ పట్టే భాగమే లేదు. డ్రైవర్ పేరు బీటీటీవీ.

బీటీ878 అయితే కొంచెం మెలిక ఉంది. ఎల్‌ఎస్‌పీసీఐలో ఒకే చిప్ రెండు డివైస్‌లుగా కనిపిస్తుంది, ఒకటి వీడియో క్యాప్చర్, రెండోది ఆడియో క్యాప్చర్. ఆ రెండోది చూసి చాలామంది సంబరపడిపోతారు. చిప్‌లో ఆ సదుపాయం ఉన్న మాట నిజమే, కానీ కార్డు తయారుచేసినవాళ్లు ట్యూనర్ సౌండ్‌ని చిప్ దాకా లాగారా లేదా అనేది వేరే సంగతి. ఖర్చు తగ్గించుకోడానికి చిప్‌లో సౌండ్ వెళ్లే కాళ్లను (పిన్నులను) ఖాళీగా వదిలేసిన కార్డులు చాలా ఉన్నాయి. ఎస్‌ఎన్‌డీ-బీటీ87ఎక్స్ అనే ఆల్సా డ్రైవర్ తనకు తెలిసిన కార్డులకే పనిచేస్తుంది, తెలియని కార్డుని ముట్టుకోదు. ముట్టుకోమని బలవంతం చేయాలంటే మాడ్యూల్‌కి లోడ్_ఆల్=1 ఇవ్వాలి. అప్పుడు కూడా నిశ్శబ్దమే రికార్డయితే మీ కార్డులో లైను లేనట్టే, వైరుకి వెళ్లిపోండి.

ఎస్ఏఏ7130 అయితే వైరు. ఎస్ఏఏ7134, 7133, 7135 అయితే డీఎంఏ, ఎస్ఏఏ7134-ఆల్సా మాడ్యూల్ కావాలి. ఇక్కడ గమనించాల్సింది, 7135 అని చిప్ మీద రాసున్నా పీసీఐలో అది 7133 అనే చెప్పుకుంటుంది, అది చూసి కంగారు పడక్కర్లేదు. 7130 కార్డుకి ఆల్సా మాడ్యూల్ లోడ్ చేస్తే డిజిటల్ ఆడియో దీనికి లేదని డీమెసెజ్‌లో (కెర్నెల్ సందేశాలు చూపే కమాండ్ అది) మొహం మీదే చెప్పేస్తుంది.

సీఎక్స్23880 నుంచి 23883 దాకా ఏదైనా ఉంటే డ్రైవర్ సీఎక్స్88, సౌండ్‌కి సీఎక్స్88-ఆల్సా. చాలా కార్డుల్లో ఇది బాగానే పనిచేస్తుంది, కొన్నిటికి మాత్రం సౌండ్ సాకెట్ నుంచే తీసుకోవాలి. యూఎస్‌బీ డబ్బాల సంగతి కింద విడిగా రాశాను.

వైరు అంటే ఏ వైరు? ఎక్కడ పెట్టాలి?

కార్డు వెనక 3.5 మిల్లీమీటర్ల సాకెట్ ఉంటుంది, ఇయర్‌ఫోన్ సాకెట్ సైజే. రెండు చివర్లా మగ పిన్నులున్న స్టీరియో వైరు కావాలి. ఒక చివర అక్కడ, రెండో చివర కంప్యూటర్ వెనక నీలం రంగు సాకెట్‌లో. నీలమే, గులాబీ రంగుది కాదు. గులాబీది మైకుది, మైకు నుంచి వచ్చే సిగ్నల్ మిల్లీవోల్టుల్లో ఉంటుంది కాబట్టి దాన్ని పెద్దది చేసే ఏర్పాటు లోపలే ఉంటుంది. టీవీ కార్డు పంపేది అంతకంటే ఎన్నో రెట్లు పెద్ద సిగ్నల్. గులాబీలో పెడితే సౌండ్ వస్తుంది, కానీ పగిలిపోయి, చెవులు చిల్లులు పడేలా వస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌ల్లో నీలం సాకెట్ ఉండదు, అలాంటప్పుడు లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి కొనుక్కోవడం మేలు. కొనేముందు లైన్ ఇన్ ఉందో లేదో చూడండి, చౌకవాటిలో మైకు ఒక్కటే ఉంటుంది.

కొన్ని కార్డుల్లో లోపల నాలుగు పిన్నుల కనెక్టర్ కూడా ఉంటుంది, పాత సీడీ డ్రైవుల నుంచి సౌండ్ కార్డుకి వచ్చే సన్నటి వైరు ఉండేది కదా, అదే సరిపోతుంది. మదర్‌బోర్డు మీద సీడీ ఇన్ లేదా ఆక్స్ ఇన్ అని ఉన్నచోట పెట్టండి. కొత్త బోర్డుల్లో ఆ కనెక్టర్ తీసేశారు.

వైరు పెట్టాను. అయినా చప్పుడు లేదు.

రెండు చోట్ల మ్యూట్ ఉంటుంది, రెండూ తీయాలి. ఒకటి టీవీ కార్డుది, ఇంకోటి సౌండ్ కార్డుది.

టీవీ కార్డుని ఏ ప్రోగ్రామూ వాడనప్పుడు డ్రైవర్ సౌండ్ కట్టేస్తుంది, అది మంచి అలవాటే, లేదంటే కంప్యూటర్ ఆన్ చేయగానే గోల మొదలవుతుంది. టీవీటైమ్, ఎక్స్ఏడబ్ల్యూటీవీ లాంటి టీవీ చూసే ప్రోగ్రాములు తెరవగానే మ్యూట్ తీస్తాయి. రికార్డ్ చేసే ఎఫ్ఎఫ్ఎంపెగ్ మాత్రం దాని జోలికి పోదు. వీ4ఎల్2-సీటీఎల్ అనే పనిముట్టు ఉంది, దానికి లిస్ట్-సీటీఆర్ఎల్ఎస్ ఆప్షన్ ఇస్తే మ్యూట్, వాల్యూమ్ ఎంతున్నాయో చూపిస్తుంది, సెట్-సీటీఆర్ఎల్ ఆప్షన్‌తో మ్యూట్=0 ఇవ్వండి. ఇది బొమ్మ నడుస్తున్నప్పుడే, ఇంకో టెర్మినల్ తెరిచి చేయాలి, ఎందుకంటే ప్రోగ్రామ్ మూసేశాక డ్రైవర్ మళ్లీ కట్టేస్తుంది.

ఇక ఆల్సామిక్సర్ తెరవండి. మొదటి పేజీలో లైన్ అనే కడ్డీ కింద రెండు ఎం అక్షరాలు కనిపిస్తే మ్యూట్‌లో ఉన్నట్టు, ఎం నొక్కితే పోతుంది. వినడం వరకే అయితే ఇంతే. రికార్డ్ చేయాలంటే ఎఫ్4 నొక్కి క్యాప్చర్ పేజీకి వెళ్లి లైన్ దగ్గర స్పేస్ కొట్టాలి, అలా కొట్టకపోతే స్పీకర్‌లో చక్కగా వినబడుతూనే ఉంటుంది, ఫైల్‌లో మాత్రం ఏమీ ఉండదు, ఇది చాలామంది కార్యక్రమం మొత్తం రికార్డయ్యాక చూసి తలపట్టుకునే చోటు.

ఇంకో చిక్కుంది. కొత్త మదర్‌బోర్డుల్లో చాలావాటికి లైన్ ఇన్ నుంచి స్పీకర్‌కి నేరుగా వెళ్లే అనలాగ్ దారి ఉండదు, ఉన్నా లూప్‌బ్యాక్ మిక్సింగ్ అనే కంట్రోల్ వెనక కట్టేసి ఉంటుంది. ఆ కంట్రోల్ కనిపిస్తే ఆన్ చేయండి. లేకపోతే, డీఎంఏ కార్డులకి కింద చెప్పిన ఏరికార్డ్ పద్ధతే లైన్ ఇన్‌కీ వాడాలి.

డీమెసెజ్‌లో కార్డు అన్‌నోన్ అనో జెనరిక్ అనో వస్తోంది. దానికీ సౌండ్‌కీ సంబంధం ఏంటి?

చాలా సంబంధం ఉంది, నన్నడిగితే ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే.

ఒకే డ్రైవర్ వాడే కార్డులన్నిట్లో బొమ్మ తీసే చిప్ ఒకటే కాబట్టి కార్డు ఏదో డ్రైవర్‌కి తెలియకపోయినా బొమ్మ వస్తుంది. సౌండ్ మాత్రం కార్డు తయారుచేసినవాళ్ల ఇష్టప్రకారం తిరుగుతుంది. ట్యూనర్ సౌండ్, ఎఫ్ఎం రేడియో సౌండ్, బయటి సాకెట్ సౌండ్, ఈ మూడూ కలిపి ఒక చిన్న స్విచ్ చిప్‌లోకి వెళ్తాయి, చాలా కార్డుల్లో అది 4052 అనే చౌకైన చిప్. మూడింట్లో ఏది బయటికి పోవాలో ఆ స్విచ్‌కి చెప్పేది బీటీ878కి ఉన్న 24 జీపీఐఓ కాళ్లలో (డ్రైవర్ ఆన్, ఆఫ్ చేయగల కాళ్లు) ఏవో రెండు. ఏ రెండు? అది కార్డు కార్డుకీ మారుతుంది. ఆ వివరాలే డ్రైవర్‌లోని కార్డుల జాబితాలో ఉంటాయి. బీటీటీవీ జాబితాలో 150కి పైగా కార్డులున్నాయి, ఎస్ఏఏ7134 జాబితా కూడా అంతే పొడవు.

పేరున్న కార్డుల మీద ఈఈప్రామ్ అనే చిన్న మెమరీ చిప్ ఉంటుంది, అందులోని గుర్తింపు నంబరు చూసి డ్రైవర్ కార్డుని పోల్చుకుంటుంది. చౌక కార్డుల్లో ఆ చిప్ పెట్టరు, అప్పుడు డ్రైవర్ 0 నంబరు జెనరిక్ కార్డు అనుకుంటుంది, స్విచ్ ఎటు తిప్పాలో తెలియక సౌండ్ ఆగిపోతుంది. మీరే చెప్పాలి: ఈటీసీ కింద మాడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో ఒక ఫైల్ పెట్టి, అందులో ఆప్షన్స్ బీటీటీవీ కార్డ్=నంబర్ ట్యూనర్=నంబర్ అని రాయండి. నంబర్లు కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోని కార్డుల జాబితాలో దొరుకుతాయి. మార్చిన ప్రతిసారీ మాడ్యూల్ తీసి మళ్లీ ఎక్కించాలి, రీబూట్ చేసినా సరే.

జాబితాలో నా కార్డు లేనే లేదు.

కార్డు చేతిలోకి తీసుకుని, పోలిక ఉన్న కార్డుల నంబర్లు ఒక్కొక్కటే పెట్టి చూడండి. ట్యూనర్ డబ్బా మీద స్టిక్కర్ చూస్తే ట్యూనర్ నంబరు తేలుతుంది. కార్డు మీద ఎంఎస్‌పీ34 అని మొదలయ్యే చిప్ ఉంటే పని సగం తేలికే, ఆ చిప్పే సౌండ్ అంతా చూసుకుంటుంది, దానికి ఎంఎస్‌పీ3400 మాడ్యూల్ లోడయిందో లేదో చూడండి చాలు. టీడీఏ9840, టీడీఏ9873, టీడీఏ9874 లాంటివి ఉంటే టీవీఆడియో మాడ్యూల్.

ఏదీ కలవకపోతే బీటీటీవీకి జీపీఐఓమాస్క్, ఆడియోఆల్ అనే ఆప్షన్లున్నాయి. మాస్క్ అంటే ఏ కాళ్లను ముట్టుకోవచ్చో చెప్పేది, ఆడియోఆల్ అంటే వాటికి ఏ విలువ ఇవ్వాలో. ఆ 4052 చిప్‌లో దారి ఎంచుకునే కాళ్లు 9, 10. భూతద్దంతో ఆ కాళ్ల నుంచి బయల్దేరిన సన్నటి రాగి గీతల్ని పట్టుకుని పెద్ద చిప్ దాకా వెళ్తే ఏ జీపీఐఓయో తెలిసిపోతుంది, ఆ తర్వాత పెట్టి చూడాల్సినవి 0, 1, 2, 3 నాలుగే విలువలు, అవీ ఆ కాళ్ల స్థానానికి జరిపి. గీతలు మధ్యలో బోర్డు కిందికి దూరిపోతే ఓపిక పట్టాలి, కానీ ఈ పని కచ్చితంగా తేలే పని. అప్పటిదాకా ఎవరికీ తెలియని కార్డు వివరాలు మీవల్ల కెర్నెల్‌లోకి ఎక్కొచ్చు, జాబితాలో చాలా కార్డులు ఇలా ఎవరో ఒకరు ఇంట్లో కూర్చుని వెతికి పంపినవే.

ఎస్ఏఏ7134 కార్డు. సౌండ్ వస్తోంది కానీ గరగర, మాట అర్థం కావట్లేదు.

కార్డు మీద వెండిరంగు లోహపు డబ్బా చిన్నది ఒకటి ఉంటుంది, చింతగింజంత, దాన్ని క్రిస్టల్ అంటారు. దాని నెత్తిన చెక్కిన అంకె చదవండి. 32.11 అని ఉందా, 24.576 అని ఉందా? ఈ రెండిట్లో ఏదో ఒకటే ఉంటుంది. చిప్ తన సౌండ్ గడియారాన్ని దీన్నుంచే లెక్క కట్టుకుంటుంది, కాబట్టి డ్రైవర్ ఒకటనుకుని కార్డు మీద ఇంకోటుంటే లెక్కంతా తప్పుతుంది. ఎస్ఏఏ7134 మాడ్యూల్‌కి ఆడియో_క్లాక్_ఓవర్‌రైడ్ అనే ఆప్షన్ ఉంది. 32.11 అయితే 1605095, 24.576 అయితే 2097152 ఇవ్వండి. డాక్యుమెంటేషన్‌లో ఇవే అంకెలు హెక్స్‌లో ఉంటాయి, దశాంశంలో ఇచ్చినా డ్రైవర్ తీసుకుంటుంది. సరిచూసుకోవాలంటే క్రిస్టల్ అంకెని ఈ విలువతో గుణించండి, రెండు సందర్భాల్లోనూ జవాబు దాదాపు 51539600 వస్తుంది.

ఆల్సాలో కార్డు కనిపిస్తోంది, మరి స్పీకర్‌లో ఎందుకు రాదు?

అది రికార్డింగ్ డివైస్ కదా, అందులోంచి తీసి స్పీకర్‌కి ఎవరో ఒకరు అందించాలి. ఏరికార్డ్‌కి మైనస్ ఎల్ ఇచ్చి కార్డు నంబరు చూడండి. అది 1 అనుకుంటే, ఏరికార్డ్‌కి డివైస్ హెచ్‌డబ్ల్యూ:1,0, రేటు 32000, ఛానెళ్లు 2, ఫార్మాట్ ఎస్16_ఎల్ఈ ఇచ్చి, పైప్ గుర్తు పెట్టి, ఏప్లేకి పంపండి. టీవీ ఒక విండోలో, ఇది ఒక టెర్మినల్‌లో నడుస్తుంటాయి. కొత్త టీవీటైమ్, ఎక్స్ఏడబ్ల్యూటీవీ ఈ పని తామే చేసేస్తాయి, పాతవి చేయవు.

రేటు దగ్గర జాగ్రత్త. ఎస్ఏఏ7134 కుటుంబంలో ట్యూనర్ సౌండ్‌కి 32000. సీఎక్స్88 కార్డులు, ఈఎం28ఎక్స్ఎక్స్ యూఎస్‌బీ డబ్బాలు అయితే 48000. ఎస్ఏఏ కార్డులకి ఆల్సామిక్సర్‌లో వీడియో, లైన్1, లైన్2 అని మూడు సోర్సులుంటాయి, ట్యూనర్‌కి వీడియో, బయటి సాకెట్‌కి లైన్ రెండిట్లో ఒకటి, క్యాప్చర్ ఆన్ అయి ఉండాలి.

రికార్డింగ్‌లో గొంతులు సన్నబడి, హడావిడిగా మాట్లాడుతున్నట్టు ఉన్నాయి.

32000తో వచ్చిన సౌండ్‌ని ఫైల్‌లో 48000 అని రాశారు, అందుకే ఒకటిన్నర రెట్లు వేగంగా పోతోంది. రేటు సరిగా ఇచ్చి మళ్లీ రికార్డ్ చేయండి. పాత ఫైల్ పారేయకండి, రేటు మార్చి రాస్తే అదీ బాగుపడుతుంది.

ఛానెల్ బొమ్మ శుభ్రంగా ఉంది, సౌండ్ బదులు సుయ్‌మని హోరు వస్తోంది.

హోరు వస్తోందంటే సంతోషించండి, వైరు, మ్యూట్, స్విచ్ అన్నీ సరిగా ఉన్నట్టే. ట్యూనర్ సౌండ్‌ని తప్పు చోట వెతుకుతోంది. అనలాగ్ టీవీలో సౌండ్ బొమ్మ పక్కనే, కొంచెం దూరంలో వేరే క్యారియర్ మీద వస్తుంది. ఆ దూరం దేశం వాడిన అనలాగ్ టీవీ పద్ధతిని బట్టి మారేది: మన దేశంలో, గల్ఫ్‌లో పాల్ బీ/జీ, అంటే 5.5 మెగాహెర్ట్జ్, బ్రిటన్‌లో పాల్ ఐ, 6 మెగాహెర్ట్జ్, చైనాలో పాల్ డీ/కే, 6.5; అమెరికా ఎన్‌టీఎస్‌సీ అయితే 4.5. ప్రోగ్రామ్‌లో ఉత్త పాల్ అని ఎంచుకుంటే బొమ్మకి అది చాలు, సౌండ్‌కి చాలదు, డ్రైవర్ ఏదో ఒకటి ఊహించుకోవాలి. వీ4ఎల్2-సీటీఎల్‌తో పాల్-బీ అని స్పష్టంగా పెట్టండి, లేదా ట్యూనర్ మాడ్యూల్‌కి పాల్=బీ ఆప్షన్ ఇవ్వండి.

అప్పటికీ హోరే అయితే ట్యూనర్ నంబరు తప్పయి ఉండొచ్చు, లేదా ట్యూనర్ డబ్బాలో టీడీఏ9887 అనే చిప్ ఉండి దాన్ని డ్రైవర్ గుర్తించి ఉండకపోవచ్చు. డీమెసెజ్‌లో ఆ పేరు కోసం చూడండి.

సౌండ్ ఒకసారి స్టీరియో ఒకసారి మోనో అని ఊగిసలాడుతుంటే సిగ్నల్ బలహీనంగా ఉన్నట్టు, వీ4ఎల్2-సీటీఎల్‌లో సెట్-ట్యూనర్ ఆప్షన్‌తో మోనో అని కట్టేయండి.

బుయ్‌మని ఒకటే గుర్రు, సౌండ్ తగ్గించినా పోదు.

యాంటెన్నా వైరు పీకి చూడండి. గుర్రు ఆగిపోతే అది డ్రైవర్ తప్పు కాదు, ఎర్త్ తేడా. కేబుల్ వైరు ఎర్త్ ఒకచోట, మీ కంప్యూటర్ ఎర్త్ ఇంకోచోట, మధ్యలో 50 హెర్ట్జ్ కరెంటు సౌండ్ వైరులో తిరుగుతోంది. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే ఇది ఇంకా ఎక్కువ, కేబుల్ పిన్ను పట్టుకుంటే చిన్న షాక్ కొడుతుంటే మాత్రం ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, కార్డు సంగతి తర్వాత. లేదంటే యాంటెన్నా లైనులో ఐసోలేటర్ పెడితే సరిపోతుంది.

టీవీ కార్డు పెట్టాక కంప్యూటర్ సౌండే పోయింది!

టెన్షన్ పడకండి. బూట్ అయ్యేటప్పుడు టీవీ కార్డు ముందు లోడయి 0 నంబరు తీసేసుకుంది, ప్రోగ్రాములన్నీ స్పీకర్ లేని ఆ కార్డుకి సౌండ్ పంపుతున్నాయి. మాడ్‌ప్రోబ్.డీ ఫైల్‌లో టీవీ కార్డు ఆల్సా మాడ్యూల్‌కి ఇండెక్స్=-2 అని రాయండి, అంటే మొదటి స్థానం తప్ప ఏదైనా తీసుకో అని.

డివైస్ బిజీ అంటోంది.

ప్రోగ్రాములన్నిటి సౌండ్ చూసుకునే పల్స్‌ఆడియో లేదా పైప్‌వైర్ దాన్ని పట్టుకుని కూర్చుంది. పావుకంట్రోల్ తెరిచి కాన్ఫిగరేషన్ పేజీలో టీవీ కార్డుని ఆఫ్ చేస్తే ఏరికార్డ్‌కి దొరుకుతుంది. లేదా తిరగేసి, ఏరికార్డ్ మానేసి, పీఏసీటీఎల్‌తో మాడ్యూల్-లూప్‌బ్యాక్ లోడ్ చేసి సోర్స్‌గా టీవీ కార్డునివ్వండి. రోజూ వినేవాళ్లకి ఇదే హాయి.

ఈజీక్యాప్ అనే యూఎస్‌బీ క్యాప్చర్ డబ్బా కొన్నాను. ఒకరికి పనిచేసింది నాకెందుకు పనిచేయదు?

ఎందుకంటే మీ ఇద్దరివీ ఒకే డివైస్ కాదు. అదే పెట్టె, అదే పేరు, లోపల నాలుగు రకాల చిప్పుల్లో ఏదైనా ఉండొచ్చు: సింటెక్ ఎస్‌టీకే1160, ఎంపియా ఈఎం2860, ఫుషికాయ్ యూఎస్‌బీటీవీ007, సోమాజిక్ ఎస్ఎంఐ2021. మొదటి మూడింటికీ కెర్నెల్‌లో డ్రైవర్లున్నాయి. సోమాజిక్‌కి లేదు, దానికి బయట దొరికే ప్రోగ్రాముతో తిప్పలు పడాలి, మార్చుకునే వీలుంటే మార్చుకోండి. ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో 1బీ71:3002 అని ఉంటే ఫుషికాయ్, 05ఈ1:0408 అయితే సింటెక్, 1సీ88తో మొదలైతే సోమాజిక్, ఈబీ1ఏతో మొదలైతే ఎంపియా.

ఎంపియాలో మళ్లీ రెండు రకాలు. కొన్ని మామూలు యూఎస్‌బీ సౌండ్ డివైస్‌లా వస్తాయి, వాటిని ఎస్‌ఎన్‌డీ-యూఎస్‌బీ-ఆడియో చూసుకుంటుంది. మిగతావాటికి ఈఎం28ఎక్స్ఎక్స్-ఆల్సా కావాలి. ఏది లోడయిందో ఎల్ఎస్‌మాడ్ చెబుతుంది.

హాపాజ్ పీవీఆర్-150 లాంటి కార్డు. ఫైల్‌లో బొమ్మ ఉంది, సౌండ్ లేదు.

ఇది నాలుగో దారి. డ్రైవర్ ఐవీటీవీ, కెర్నెల్ 2.6.22 నుంచీ లోపలే ఉంది. ఫర్మ్‌వేర్ ఫైళ్లు రెండు కావాలి: ఒకటి ఎన్‌కోడర్‌ది, రెండోది సీఎక్స్25840 చిప్‌ది. ఎన్‌కోడర్‌ది లేకపోతే అసలు ఏమీ రాదు కాబట్టి అందరూ దాన్ని పెడతారు, రెండోదాన్ని మర్చిపోతారు. బొమ్మ ఉండి సౌండ్ లేదంటే ముందు అనుమానించాల్సింది దాన్నే, డీమెసెజ్‌లో ఫర్మ్‌వేర్ దొరకలేదన్న లైను ఉంటుంది.

ఇప్పుడు అనలాగ్ కేబులే లేదు కదా, ఈ కార్డులెందుకు?

నిజమే, హైదరాబాద్, విశాఖపట్నంలో కేబుల్ డిజిటల్ చేయడానికి గడువు 2013 మార్చి 31, దేశం మొత్తానికి చివరి దశ గడువు 2017 మార్చి 31. ట్యూనర్‌తో పట్టే ఛానెళ్లు దాదాపు పోయాయి. కానీ ఇళ్లలో వీహెచ్ఎస్ క్యాసెట్లు మిగిలాయి. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గల్ఫ్ వెళ్లిన బాబాయి పంపిన వీడియో, ఇప్పుడు లేని తాతయ్య గొంతు ఉన్న క్యాసెట్టు. టేపు ఏటికేడు పాడవుతూనే ఉంటుంది, బూజు పట్టాక దాన్ని ఆడించడమే కష్టం. అటకమీద ఉంటే ఈ నెల్లోనే దించండి, ఈ పాత కార్డు ఆ పనికి బ్రహ్మాండంగా సరిపోతుంది.

పైగా సౌండ్ గొడవ సగం తగ్గిపోతుంది. వీసీఆర్‌ని యాంటెన్నా వైరుతో కలపకండి, పసుపు, తెలుపు, ఎరుపు ఆర్‌సీఏ వైర్లతో కలపండి. సౌండ్ ట్యూనర్‌లోకి వెళ్లదు కాబట్టి 5.5, 6 మెగాహెర్ట్జ్ గొడవ ఉండదు, అమెరికా నుంచి వచ్చిన ఎన్‌టీఎస్‌సీ క్యాసెట్ ఆడించే వీసీఆర్ ఉంటే దాని సౌండూ అలాగే వస్తుంది. కార్డుది వైరు దారి అయితే వీసీఆర్ సౌండ్‌ని అసలు కార్డులోకే పంపకండి, ఆర్‌సీఏ నుంచి 3.5 మిల్లీమీటర్లకి మార్చే వైరుతో తిన్నగా నీలం సాకెట్‌లో పెట్టండి, మధ్యలో ఒక స్విచ్, ఒక మ్యూట్ తగ్గుతాయి, సౌండ్ కూడా శుభ్రంగా వస్తుంది. మోనో వీసీఆర్ అయితే ఒక్క తెల్ల సాకెట్టే ఉంటుంది, ఒక చెవిలోనే వినిపిస్తుంది, రికార్డయ్యాక రెండు ఛానెళ్లకీ పరచుకోవచ్చు.

ఎంప్లేయర్‌తో చూస్తే సౌండ్ లేదు, మెన్‌కోడర్‌తో రికార్డ్ చేస్తే వస్తోంది.

ఎంప్లేయర్ సౌండ్ వైరులో వస్తుందనుకుని తను పట్టించుకోదు. టీవీ ఆప్షన్లలో ఇమ్మీడియట్‌మోడ్=0 పెట్టాలి, దాంతో పాటు ఆల్సా, ఏడివైస్=హెచ్‌డబ్ల్యూ.1,0, ఆడియోరేట్=32000. హెచ్‌డబ్ల్యూ తర్వాత చుక్క పెట్టాలి, కోలన్ కాదు, ఎందుకంటే అక్కడ కోలన్ ఆప్షన్లను విడదీయడానికి వాడతారు. ఈ ఒక్క చుక్క దగ్గర చాలామంది ఆగిపోతారు.

గంట రికార్డ్ చేస్తే చివరికొచ్చేసరికి పెదాలు ఒకచోట, మాట ఒకచోట.

వైరు దారిలో బొమ్మకి టీవీ కార్డు గడియారం, సౌండ్‌కి సౌండ్ కార్డు గడియారం, రెండూ అచ్చంగా ఒకే వేగంతో నడవవు, గంటలో తేడా కనిపిస్తుంది. అరిగిన క్యాసెట్ అయితే ఇంకో కారణం కూడా: టేపు చెడిన చోట ఫ్రేములు పడిపోతాయి, సౌండ్ మాత్రం సాగిపోతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఆడియో ఫిల్టర్‌గా ఏరీశాంపుల్=ఎసింక్=1 పెడితే టైమ్‌స్టాంపులు చూసి సౌండ్‌ని సరిచేస్తుంది. సీపీయూ చాలక ఫ్రేములు పడిపోతుంటే ముందు తేలికైన కోడెక్‌తో పెద్ద ఫైల్‌గా రికార్డ్ చేసి, కుదించడం తర్వాత చేయండి. క్యాసెట్‌ని అరగంట ముక్కలుగా తీసుకున్నా చాలావరకు తీరిపోతుంది.

డిజిటల్ కార్డు, డీవీబీ. దానికీ ఇవన్నీ వర్తిస్తాయా?

వర్తించవు. డీవీబీలో సౌండ్ స్ట్రీమ్‌లోనే ఉంటుంది. రావట్లేదంటే ప్లేయర్‌కి ఏసీ-3నో ఏఏసీనో విప్పే డీకోడర్ లేదన్నమాట.

అన్నీ చేశాను, రాలేదు. సాయం ఎలా అడగాలి?

"సౌండ్ రావట్లేదు ప్లీజ్ హెల్ప్" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. బూట్ అయిన దగ్గర్నుంచి డీమెసెజ్ మొత్తం, ఎరుపు లైన్లు మాత్రమే ఏరి కాకుండా మొత్తం. ఎల్‌ఎస్‌పీసీఐకి మైనస్ వీఎన్ఎన్ ఇచ్చి వచ్చిందాంట్లో కార్డు భాగం, యూఎస్‌బీ అయితే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ. కెర్నెల్ వెర్షన్. ఏరికార్డ్ మైనస్ ఎల్ జవాబు. పూర్తి నిశ్శబ్దమా, హోరా, గరగరా, గుర్రా, ఈ నాలుగింట్లో ఏదో కచ్చితంగా చెప్పండి, ట్యూనర్‌లోనా బయటి సాకెట్‌లోనా అన్నది కూడా. కార్డుకి పగటి వెలుతురులో రెండు వైపులా ఫొటోలు తీసి పెట్టండి, చిప్పుల మీద అక్షరాలూ క్రిస్టల్ మీద అంకే చదవగలిగేలా. అక్షరాలు కనబడకపోతే చిప్ మీద చాక్‌పీస్ పొడి రాసి తుడిస్తే తెల్లగా తేలతాయి.